కార్బొరేటర్ లీకూ, రాజ్యలక్ష్మమ్మ గారి ముక్కూ

ఆటోనగర్‌లో నలభై ఏళ్లు పెట్రోలు బళ్లు బాగుచేశాను. షెడ్డు వదిలేసి రెండేళ్లయింది. అయినా వారానికి ఒకరన్నా కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రాళ్లు ఫోన్ చేస్తారు. "మేస్త్రీ, పాత బండి ఒకటొచ్చింది. కార్బేటర్ కారుతోంది. ఏం మార్చమంటారు?" అంటారు. ఏం మార్చాలని అడుగుతారు గానీ ఎక్కడ కారుతోందో ఒక్కడూ చెప్పడు. నాకు ఒళ్లు మండుతుంది. రోజూ ఫోన్లో అరిచే బదులు ఒకసారి కూర్చుని రాసిపెట్టరాదా అని మా ఆవిడ అంది. అందుకని రాస్తున్నాను.

షెడ్డు ఎలా పెట్టాను, ఎన్ని బళ్లు చేశాను అన్న గొప్పలు మీకు అక్కర్లేదు. ఒక తెల్ల కారు గురించి, దాని ముందు కాలిపోయిన ఒక చెయ్యి గురించి చెబుతాను. ఆ చెయ్యి కాలడానికి కారణం నేనే.

గిన్నె, బుడ్డి, సూది

ఇప్పటి బళ్లలో కార్బొరేటర్ లేదు కాబట్టి తెలియని వాళ్లకి రెండు ముక్కలు. పెట్రోలుని గాలితో కలిపి ఇంజనుకి అందించేది కార్బొరేటర్. దాంట్లో ఒక చిన్న గిన్నె ఉంటుంది. గిన్నెలో పెట్రోలు మీద ఒక బోలు ఇత్తడి బుడ్డి తేలుతూ ఉంటుంది, దాన్ని ఫ్లోట్ అంటాం. పెట్రోలు చాలినంత చేరగానే ఫ్లోట్ లేచి ఒక సూదిని పైకి నెడుతుంది, సూది పెట్రోలు వచ్చే దారి మూస్తుంది. బాత్రూములో ఫ్లష్ ట్యాంకు మూత తీసి చూడండి, లోపల బంతి ఉంటుంది. అచ్చం అదే ఏర్పాటు.

లీకంటే ఆ గిన్నెలోని పెట్రోలు బయటికి రావడం. గిన్నె కిందే ఇంజను కాగుతూ ఉంటుంది. నీళ్ల పంపు కారితే బకెట్ పెట్టుకుని రేపు చూద్దాంలే అనుకోవచ్చు. ఇక్కడ అలా కుదరదు.

రత్తయ్య మేస్త్రి

నాకు పని నేర్పింది రత్తయ్య మేస్త్రి. మంచి పనివాడు, చెడ్డ పంతులు. ఏదీ నోటితో చెప్పడు. చేసి చూపించి వెళ్లిపోతాడు. ఎందుకు అని అడిగితే, "చూడలేదా? కళ్లు ఇంటి దగ్గర పెట్టొచ్చావా?" అనేవాడు. పిల్లలకి పని నేర్పే పద్ధతి ఇది కాదని నేను ఇప్పటికీ అంటాను. నేను మేస్త్రినయ్యాక నా దగ్గర చేరినవాళ్లకి నోరు నొప్పి పుట్టేదాకా చెప్పాను.

కానీ లీకు వెతకడంలో ఆయన్ని మించినవాణ్ణి చూడలేదు. ముందు కార్బొరేటర్‌ని బయటంతా కడిగి, గాలి కొట్టి, పొడిగా ఆరబెట్టేవాడు. తర్వాత పల్చటి గుడ్డలో మెత్తటి ముగ్గుపిండి మూటకట్టి, కార్బొరేటర్ అంతా తెల్లగా అయ్యేలా అద్దేవాడు. ఇంజను స్టార్ట్ చేసి, బీడీ వెలిగించకుండా చెవి మీద పెట్టుకుని, ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చునేవాడు. పెట్రోలు ఎక్కణ్ణుంచి పుడుతుందో ఆ చోట పిండి తడుస్తుంది. అది కంటితో చూసేదాకా పానా ముట్టుకునేవాడు కాదు.

తడి కిందికి జారుతుంది. మీకు కనిపించే తడి దానికి ఆఖరి మజిలీ. అక్కణ్ణుంచి పైకి వెతుక్కుంటూ పోవాలి.

ఆ రోజుల్లో ఇంకోరకం మేస్త్రీలు ఉండేవాళ్లు, ఇప్పుడూ ఉన్నారు. తడి కనపడగానే బట్టలసబ్బు ముక్క పిసికి పూసేస్తారు. కారడం ఆగుతుంది, బండి రోడ్డెక్కుతుంది, వారం తిరక్కుండా మళ్లీ మొదలు. సబ్బు చూస్తే రత్తయ్య మేస్త్రికి పూనకం వచ్చేది. "సబ్బు కాదురా, లక్క! లక్క పెట్రోలుకి కరగదు" అని అరిచేవాడు. వడ్రంగులు పాలిష్‌కి వాడే లక్కే. దాన్ని స్పిరిట్‌లో కరిగించి సీసాలో ఉంచేవాడు. ఎక్కడ కన్నం మూసే బిళ్ల బిగించినా, ఎక్కడ అతుకు పెట్టినా అంచున సన్నగా ఆ లక్క పూసేవాడు. స్పిరిట్ ఎగిరిపోయాక లక్క రాయిలా గట్టిపడేది. నేనూ అలాగే నేర్చుకున్నాను. ఈ లక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ దసరా

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. దసరా ముందు వారం ఆటోనగర్ ఎలా ఉంటుందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆయుధపూజ నాటికి బండి ఇంటి ముందు ఉండాలని అందరికీ పట్టుదల. ఒక్కొక్క షెడ్డు ముందు బళ్లు రోడ్డు దాకా నిలబడిపోతాయి.

కంకిపాడు నుంచి వీరరాఘవయ్య గారి తెల్ల కారు వచ్చింది. ఆయనకి అక్కడ ఇల్లు, పొలం. వన్ టౌన్‌లో పప్పుల వ్యాపారం. పెట్రోలు వాసన వస్తోందని డ్రైవరు చెప్పాడు. మేస్త్రి ఆ పూట ఇంకో బండి చూడ్డానికి గన్నవరం వెళ్లాడు. నేను బానెట్ లేపాను. గిన్నెకీ మూతకీ మధ్య సందు మూసే అట్ట, అదే గ్యాస్కెట్, దాని దగ్గర తడిగా ఉంది. అంతే, గ్యాస్కెట్ పోయిందనుకున్నాను. కొత్తది వేసి స్క్రూలు బలంకొద్దీ బిగించాను. ఐదు నిమిషాలు ఇంజను ఆడించి చూస్తే పొడిగా ఉంది. ముగ్గుపిండి మూట గోడకి వేలాడుతూనే ఉంది. దాని వంక చూశాను కూడా. వెనక పదకొండు బళ్లు ఉన్నాయి కదా అనుకుని కారు పంపించేశాను.

ఆయుధపూజ రోజు వాళ్లు ఆ కారుని కాలవ దగ్గర కడిగి తెచ్చి ఇంటి ముందు ఆపారు. బానెట్ లేపి ఇంజనుకి పసుపు రాశారు, బొట్లు పెట్టారు, బంతిపూల దండ వేశారు. వీరరాఘవయ్య గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు హారతిపళ్లెం తీసుకుని ఇంజను దగ్గరగా వచ్చి తిప్పారు. రెండోసారి తిప్పుతుండగా భగ్గుమంది.

కారు కడిగిన తడి గోతం పక్కనే ఉంటే డ్రైవరు దాన్ని విసిరి ఆర్పాడు. కారుకి పెద్దగా ఏమీ కాలేదు. ఆవిడ కుడిచెయ్యి మణికట్టు దాకా కాలింది.

కంకిపాడులో

మర్నాడు డ్రైవరు వచ్చి చెప్పాడు. మేస్త్రి తిడతాడనుకున్నాను, తిట్టలేదు. స్కూటర్ తీశాడు. దారిలో నేను, "అయినా పెట్రోలు ఇంజను దగ్గర కర్పూరం వెలిగిస్తే ఎవరి బండైనా..." అని మొదలుపెట్టాను. ఊరు దాటాక స్కూటర్ పక్కకి ఆపాడు.

"ఆ మాట ఆవిడ ముందు అను. నేనూ వింటాను" అన్నాడు.

కంకిపాడు చేరాం. గట్టు దిగి వాళ్ల వాకిట్లోకి వెళ్లేసరికి ఆవిడ మంచం మీద కూర్చుని ఉన్నారు. చేతికి కట్టు. మేస్త్రి ముందుకెళ్లి, "తప్పు మా షెడ్డుదమ్మా. మిగతాది వీడు చెబుతాడు" అని పక్కకి తప్పుకున్నాడు. నేను చెప్పాను. పిండి అద్దలేదనీ, సరిగ్గా చూడకుండానే బాగుందన్నాననీ చెప్పాను.

ఆవిడ అంతా విని, "నీ పేరేంటి నాయనా?" అన్నారు.

"నాగూరండి."

"నాగూరూ, నువ్వు బాగుచేసి పంపాక కూడా వాసనొస్తోందని చెప్పాను. వెనక సీట్లో కూర్చునేది నేనేగా. మెకానిక్కు చూశాడు, నీకేం తెలుసన్నారు మా ఆయన. డ్రైవరూ అదే అన్నాడు. నాకు మెకానిక్కు పని తెలీదు గానీ, వాసనొస్తే తెలీదా?"

అరిచినా, కొట్టినా అంత సిగ్గుపడి ఉండేవాణ్ణి కాదు.

"బండి నువ్వే బాగుచెయ్యి. ఇంకెవరికీ ఇవ్వొద్దని చెబుతాను" అన్నారు.

కారు షెడ్డుకి తెచ్చి కార్బొరేటర్ విప్పాను. మేస్త్రి ఫ్లోట్ తీసి నా చెవి దగ్గర పెట్టి ఊపాడు. లోపల పెట్రోలు గలగలలాడింది. వేడినీళ్లలో ముంచితే అతుకు దగ్గర నుంచి సన్నటి బుడగలు వచ్చాయి. సూదిమొనంత కన్నం. దాంట్లోంచి పెట్రోలు లోపలికెక్కి ఫ్లోట్ బరువెక్కి మునుగుతోంది. దారి మూసుకోవడం లేదు. గిన్నె నిండి, పైన గాలి కోసం ఉండే రంధ్రంలోంచి పొర్లి, బయట గోడ మీదుగా జారి గ్యాస్కెట్ దగ్గర ఆగుతోంది. నేను చూసిన తడి అది. పుట్టిన చోటు దానికి రెండంగుళాలు పైన ఉంది.

నేను బలంకొద్దీ బిగించిన స్క్రూలకి మూత కూడా వంగిపోయింది. కార్బొరేటర్ అంతా మళ్లీ కొత్తగా కూర్చాను. ఫ్లోట్ మార్చాను, మూత సాఫు చేశాను. అడుగున ఒక సన్నటి దారి చివర మూయడానికి తయారీలోనే కొట్టిన ఇత్తడి బిళ్ల కాస్త వదులుగా కనిపిస్తే, అది తీసి కొత్త బిళ్ల వేసి చుట్టూ లక్క పూశాను. మూడురోజులు పట్టింది.

ఆవిడ కుడిచేతి చివరి రెండు వేళ్లూ మళ్లీ వంగలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లకి పైగా ఆ కారు పని నేనే చేశాను. ప్రతి దసరాకి ఇంట్లో ఎవరో ఒకరు దానికి పూజ చేసేవాళ్లు. ఆవిడ మాత్రం లోపలే ఉండేవారు. నేను కారు అప్పజెప్పడానికి వెళితే గుమ్మంలోంచి ఒకే మాట అడిగేవారు: "వాసన లేదుగా నాగూరూ?"

మళ్లీ ఫోను

వీరరాఘవయ్య గారు పోయాక కారు నాలుగేళ్లు టార్పాలిన్ కింద ఉండిపోయింది. పోయిన దసరాకి రెండురోజుల ముందు నాకు ఫోన్ వచ్చింది.

"అంకుల్, నేను దీప్తినండి. కంకిపాడు వీరరాఘవయ్య గారి మనవరాలిని. తాతయ్య కారు నేనే బయటికి తీయించానండి. బాగా నడుస్తోంది. కానీ నానమ్మ పెట్రోలు వాసనొస్తోందంటోంది."

"నీకు రావట్లేదామ్మా?"

"లేదండి, ఇంట్లో ఎవరికీ రావట్లేదు. ముగ్గురు మెకానిక్కులు చూశారు. గ్యాస్కెట్ మార్చారు, సూది మార్చారు, పైపులన్నీ కొత్తవి వేశారు. ఎక్కడా లీకు లేదంటున్నారు. నానమ్మకి ఎనభై రెండు కదా, ఆ రోజు మనసులో ఉండిపోయి అలా అనిపిస్తోందంటున్నారు డాడీ. ఎల్లుండి పూజలో హారతి తనే ఇస్తానని పట్టుబట్టింది. అదీ నాగూరు చూసి సరేనంటేనే అంటోంది. నిజంగానే భ్రమంటారా అంకుల్?"

"లీకు ఉందమ్మా. ఎక్కడో నాకింకా తెలీదు. ఉంది" అన్నాను.

ఆ గంటలోనే పాత పనిముట్ల పెట్టె దించి బస్సెక్కాను.

ఆ రోజు పొద్దుగూకేదాకా నాకేమీ దొరకలేదు. రోడ్డు పక్కన చదునుగా ఉన్నచోట కారు పెట్టించి, కడిగి, ఆరబెట్టి, వాళ్లింటి డబ్బాలోని ముగ్గుపిండే అద్దాను. చల్లటి ఇంజనుతో చూశాను, నడుస్తుండగా చూశాను, ఆపేశాక చూశాను. పిండి తెల్లగానే ఉంది. ఫ్లోట్ తీసి ఊపాను, గలగల లేదు. ఒకసారి ఒక జీపులో బయట చుక్క లేకుండా, పెట్రోలు తోడే పంపు లోపలి పొర చిరిగి అదంతా ఇంజను ఆయిల్లో కలిసింది. అది గుర్తొచ్చి ఆయిల్ మట్టం చూసే పుల్ల తీసి వాసన చూశాను. అదీ బాగానే ఉంది.

దీప్తి వాళ్ల నాన్నగారు మర్యాదగానే, "ఇంక చాల్లెండి నాగూర్ గారూ, మీరూ చూశారుగా. అమ్మకి మీరొక మాట చెప్పేస్తే నమ్ముతుంది" అన్నారు.

ఒక మాట చెప్పేస్తే. ఇరవై ఆరేళ్లప్పుడు చెప్పిన మాట చాలదా? నాకు కోపం వచ్చింది, ఆయన మీద కాదు. రేపు మళ్లీ వస్తానని చెప్పి బస్సు పట్టుకున్నాను.

కాలవగట్టు

మర్నాడు పొద్దున్నే కారు దగ్గరికి వెళ్లలేదు. ఆవిడ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఈ పని మొదటిరోజే చెయ్యాల్సింది.

"ఎప్పుడొస్తుందమ్మా వాసన?"

"అస్తమానం రాదు. తిరిగొచ్చి వాకిట్లో ఆగాక, నేను అరుగు మీద కూర్చుంటానే, అప్పుడు. కాసేపుంటుంది, పోతుంది. ఇదిగో, వీళ్లందరూ లోపలికెళ్లి కాఫీలు తాగేవేళకి."

ఆ మాటకి లేచి వాకిలి చూశాను. ముప్పై ఏడేళ్లుగా చూస్తున్న వాకిలే. రోడ్డు గట్టు మీద, ఇల్లు గట్టు కింద. గట్టు దిగిన కారు వాకిట్లో ముక్కు కిందికి పెట్టి, ఏటవాలుగా నిలబడుతుంది. ఆ ముగ్గురూ వాళ్ల షెడ్డుల్లో చదునైన నేల మీద చూశారు. నేనూ రోడ్డు పక్కన చదును వెతుక్కుని మరీ చూశాను.

దీప్తిని అరగంట కారు తిప్పుకు రమ్మన్నాను. తిరిగొచ్చి వాకిట్లో ఆపగానే బానెట్ లేపి, మళ్లీ పిండి అద్ది, ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. పదిహేను నిమిషాలకి అరుగు మీంచి ఆవిడ, "ఇదిగో, ఇప్పుడొస్తోంది" అన్నారు. నాకు రాలేదు. టార్చిలైటు వేసి అడుగుకి వంగి చూశాను. గిన్నె ముందువైపు అడుగున, చిటికెనవేలి గోరంత మేర పిండి లేత పసుపు రంగుకి తిరిగింది.

ఆ చోటికి దిగే సన్నటి దారి నోరు గిన్నెలో పైన ఉంటుంది, బండి చదునుగా ఉంటే పెట్రోలు అక్కడిదాకా ఎక్కదు. ముందుకి వంగితేనే ఆ నోరు మునుగుతుంది. కారిన కాస్తా వేడికి అక్కడికక్కడే ఎగిరిపోతోంది, తడి మిగలదు. వాసన మాత్రం కాసేపు ఉంటుంది. ఇంత చిన్నదాన్ని ఎనభై రెండేళ్ల ముక్కు పట్టుకుంది.

ఇంజను చల్లారాక కార్బొరేటర్ దించి తిరగేశాను. ఒక ఇత్తడి బిళ్ల. దాని చుట్టూ బిళ్ల జారకుండా కొట్టిన మూడు ఉలి గుర్తులు, ముక్కోణంలో. ఆటోనగర్‌లో అలా మూడు దెబ్బలు కొట్టేది నేనొక్కణ్ణే. ఆ దసరా తర్వాత నా చేత్తో వేసిన బిళ్ల అది.

అంచున లక్క మెత్తబడి జిగురుగా ఉంది. అప్పుడర్థమైంది. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ అంటే స్పిరిట్టే. లక్క పెట్రోలుకి కరగదన్నది నిజమే, స్పిరిట్‌కి కరుగుతుంది. రత్తయ్య మేస్త్రి దాన్ని కరిగించిందే స్పిరిట్‌లో! ఆయన నేర్పినప్పుడు అది సరైన పని. ఇప్పుడు కాదు. పిల్లలూ, మా తరం చేతి కిందికి వెళ్లిన పాత కార్బొరేటర్ ఏది మీ దగ్గరికొచ్చినా అతుకుల దగ్గర లక్క ఉందేమో ముందు చూడండి. గురువు చెప్పాడు కదా అని వదిలెయ్యకండి. నాతో సహా ఎవరు చెప్పినా సరే.

కార్బొరేటర్ చేతిలో పెట్టుకుని అరుగు దగ్గరికి వెళ్లాను. ముప్పై ఏడేళ్ల కిందట మేస్త్రి పక్కన ఉన్నాడు. ఈసారి ఎవరూ లేరు.

"దొరికిందమ్మా. మీకు నిజంగానే వాసనొచ్చింది. ఇదీ నా చేతి పనేనమ్మా. నేనేసిన బిళ్లే."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఆ బిళ్ల వంక చూశారు. తర్వాత కొడుకు వంక చూశారు. ఆయన తల దించుకున్నారు.

"ఇన్నేళ్లు ఆగిందిగా. మళ్లీ ఎయ్యి" అన్నారు.

వన్ టౌన్‌లో పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి సరైన కొలత బిళ్ల సంపాదించాను. లక్క లేకుండా, ఇప్పటి పెట్రోలుకి నిలిచే సీలింగ్ పేస్టుతో బిగించి, డబ్బా మీద రాసినంతసేపు ఆరనిచ్చాను. పూజ రోజు పొద్దున మూడుసార్లు కారు తిప్పించి, మూడుసార్లూ ఆ ఏటవాలులోనే ఆపి, పిండి అద్ది చూశాను. మూడుసార్లూ పిండి తెల్లగానే ఉంది. మూడుసార్లూ అరుగు మీది మనిషిని అడిగాను. లేదు, లేదు, లేదు అన్నారు.

హారతి

కొత్తచీర కట్టుకుని, పళ్లెం పట్టుకుని ఆవిడ కారు ముందుకి వచ్చారు.

"వెలిగించనా నాగూరూ?"

"వెలిగించండమ్మా. ఇంజను చల్లారింది. నేను బానెట్ వేస్తాను, మీరు నాలుగడుగులు వెనక్కి జరగండి."

"అదేంటి? నీ పని మీద నీకే నమ్మకం లేదా?"

"నా పని మీద ఉందమ్మా. పెట్రోలు మీద లేదు."

ఆవిడ నవ్వి వెనక్కి జరిగారు. దీప్తి కర్పూరం వెలిగించింది. వంగని ఆ రెండు వేళ్ల వల్ల పళ్లెం ఒక పక్కకి ఒరిగింది. నేను వెళ్లి ఆ పక్కన కింద చెయ్యి పెట్టాను. మూడుసార్లు తిప్పారు. కర్పూరం పూర్తిగా కొండెక్కేదాకా అందరం అక్కడే నిలబడ్డాం.

తర్వాత దీప్తి వెనక తలుపు తీసింది. ఆవిడ ఎక్కి, తన చోట సర్దుకుని కూర్చుని, కళ్లు మూసుకుని గట్టిగా గాలి పీల్చారు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ మళ్లీ ఒకసారి పీల్చారు.

"కర్పూరం వాసనే నాగూరూ" అన్నారు. "తలుపెయ్యి, ఇక పోదాం."